ఫోన్‌లో లినక్స్: ఎక్స్11, వేలాండ్‌లలో ఏది చేతికి ఒదుగుతుంది?

లినక్స్ ఫోన్‌ను సమీక్షించేవారు ఎక్కువగా కెమెరా, బ్యాటరీ, కాల్ నాణ్యతల దగ్గరే ఆగిపోతారు. నేను ఆ మూడింటినీ పక్కన పెట్టి, యాప్ గీసిన బొమ్మను తెర మీదకు తెచ్చి, వేలి స్పర్శను తిరిగి ఆ యాప్‌కు చేరవేసే పొరను, అంటే డిస్‌ప్లే సర్వర్‌ను మాత్రమే ఇక్కడ పరిశీలిస్తున్నాను. లినక్స్‌లో ఈ పనికి పాత పద్ధతి ఎక్స్11, కొత్తది వేలాండ్. డెస్క్‌టాప్ మీద ఈ పొర ఏదైనా వాడేవారికి పెద్దగా తేడా తెలియదు. మౌస్, కీబోర్డు, పెద్ద తెర ఉన్నచోట ఎక్స్11 లోపాలూ వేలాండ్ లోపాలూ చాలావరకు కప్పబడిపోతాయి. ఫోన్‌లో ఆ మూడూ ఉండవు కనుక ప్రతి లోపమూ నేరుగా వేలికి తగులుతుంది.

ఒకే ఫోన్‌లో మెమరీ కార్డులు మార్చుకుంటూ, మొదట ఎక్స్11 మీద నడిచే ఒక తేలికపాటి డెస్క్‌టాప్‌ను, తరువాత వేలాండ్ మీద నడిచే ఫోష్‌ను, ఆ తరువాత ప్లాస్మా మొబైల్‌ను కొన్ని వారాల చొప్పున వాడాను. ఈ చివరి రెండూ లినక్స్ ఫోన్ల కోసమే చేసిన ఇంటర్‌ఫేస్‌లు. ఫోన్ తెర 720×1440. పైన్‌ఫోన్, లిబ్రెమ్ 5 తెరల కొలత కూడా ఇదే. ప్రతి చోటా నేను పెట్టిన పరీక్ష చాలా చిన్నది: యాప్‌లో రాసే పెట్టెను తాకితే కీబోర్డు దానంతట అదే పైకి వస్తుందా, వచ్చాక ఆ పెట్టె కనబడుతూనే ఉంటుందా, ఫోన్‌ను అడ్డంగా తిప్పితే తాకిన చోటే తాకినట్టు అందుతుందా. ఫలానా యాప్ లినక్స్ ఫోన్‌లో నడుస్తుందని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ మాటకు ఈ మూడు ప్రశ్నల తరువాతే విలువ. యాప్ తెరుచుకోవడం వేరు, దానితో పని జరగడం వేరు.

ఎక్స్‌కు 1984లో ఎంఐటీలో పునాది పడింది. నేటికీ వాడుకలో ఉన్న ఎక్స్11 ప్రోటోకాల్, అంటే యాప్‌లూ డిస్‌ప్లే సర్వరూ మాట్లాడుకునే ఒప్పందం, 1987 నాటిది. అది ఫోన్లకు పనికిరాదని ఒక్క మాటలో తేల్చేయడం అన్యాయం, ఎందుకంటే 2009లో వచ్చిన నోకియా ఎన్900 ఎక్స్ మీదే నడిచింది, బాగానే నడిచింది. కానీ ఆ ఫోన్‌లో పక్కకు జారి బయటికి వచ్చే నిజమైన కీబోర్డు ఉండేది. దాని రెసిస్టివ్ తెర, అంటే ఒత్తిడిని బట్టి స్పర్శను గుర్తించే తెర, స్టైలస్ మొనను కచ్చితంగా గుర్తించేది. ఒక సమయంలో ఒక్క స్పర్శనే చూసేది. వేరే మాటల్లో చెప్పాలంటే అది జేబులో పట్టే చిన్న డెస్క్‌టాప్. ఒకేసారి అనేక వేళ్లను గుర్తించే సౌకర్యం ఎక్స్‌లోకి 2012లో ఎక్స్‌ఇన్‌పుట్ 2.2తో గానీ రాలేదు. అప్పటికి 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్ 1.0 వెర్షన్‌కు చేరుకుంటోంది. మరుసటి ఏడాది యోల్లా అనే కంపెనీ తన మొదటి ఫోన్‌ను వేలాండ్ మీదే విడుదల చేసింది. డెస్క్‌టాప్‌లు వేలాండ్ సంగతి ఇంకా తర్జనభర్జన పడుతున్న కాలంలోనే ఫోన్లు ఆ గట్టు దాటేశాయన్నమాట.

ఎక్స్11 సెషన్‌తో గడిపిన మొదటి రోజే ఫోన్‌ను అడ్డంగా తిప్పాలని ప్రయత్నించాను. తెరను తిప్పే ఎక్స్‌రాండ్ఆర్ ఆదేశం ఇవ్వగానే తెర బుద్ధిగా తిరిగింది, కానీ స్పర్శ తిరగలేదు. కుడివైపు పైమూలన ఉన్న మూసివేత గుర్తును తాకితే, తాకిడి మరో మూలకు వెళ్లి అక్కడి మెనూ తెరుచుకుంది. ఎక్స్‌కు తెర ఒక పరికరం, స్పర్శను గుర్తించే పలక మరో పరికరం. రెండూ ఒకే గాజు కింద ఉన్నాయన్న సంగతి దానికి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పే మార్గం తొమ్మిది అంకెల మాత్రిక ఒకటి. దాన్ని ఎక్స్‌ఇన్‌పుట్ ఆదేశంతో ఇవ్వాలి. తిప్పిన ప్రతిసారీ, తిప్పిన ప్రతి దిశకూ మాత్రిక మారుతుంది. దీనికి ఒక చిన్న స్క్రిప్ట్ రాసుకుని, ఫోన్ ఏ వైపు వాలిందో చెప్పే సెన్సార్ సేవకు ముడిపెడితే సమస్య తీరుతుంది, నాకూ తీరింది. కానీ రెండు ఆదేశాల మధ్య దొరికే ఆ అర సెకను సందులో వేలు పడితే ఏం జరుగుతుందో చెప్పలేం. వేలాండ్‌లో తెరను నడిపేదీ స్పర్శను పంచేదీ ఒకే కంపోజిటర్ (విండోలన్నిటినీ కలిపి తెర మీద చూపే ప్రోగ్రామ్) కావడం వల్ల ఈ రెండు పనులూ కలిసే జరుగుతాయి. ఫోష్‌లో గానీ ప్లాస్మా మొబైల్‌లో గానీ ఈ విషయం గురించి ఆలోచించాల్సిన అవసరమే నాకు రాలేదు.

ఎక్స్ సెషన్‌లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం తెర తాళం. ఎక్స్‌లో తాళం అనేది మిగతా విండోలన్నిటి మీదా పరుచుకుని, కీబోర్డునూ స్పర్శనూ తన గుప్పిట్లోకి తీసుకునే మరో మామూలు విండో మాత్రమే. ఏదైనా యాప్‌లో ఒక మెనూ తెరిచి ఉంటే, ఆ మెనూ అప్పటికే స్పర్శను పట్టుకుని ఉంటుంది కనుక తాళం పడదు. తాళం వేసే ప్రోగ్రామ్ మధ్యలో కూలిపోతే దాని వెనుక ఉన్నదంతా బట్టబయలవుతుంది. బల్ల మీద కదలకుండా ఉండే కంప్యూటర్‌కు ఇది చిన్న లోపం. ఎక్కడ పడితే అక్కడ మరిచిపోయే ఫోన్‌కు ఇది చిన్నది కాదు. దీనికి తోడు ఒక ఎక్స్ యాప్ మరో ఎక్స్ యాప్‌లో నొక్కుతున్న అక్షరాలను చడీచప్పుడు లేకుండా చదవగలదు, అందుకు ప్రత్యేక అనుమతి ఏదీ అక్కర్లేదు. వేలాండ్‌లో సెషన్ తాళం కోసం విడిగా ఒక ప్రోటోకాల్ ఉంది. దాన్ని వాడే చోట తాళం ప్రోగ్రామ్ కూలిపోయినా తెరను మూసి ఉంచే బాధ్యత కంపోజిటర్‌దే.

ఇక కీబోర్డు సంగతి. ఈ సమీక్షలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఫోష్‌లో సందేశం రాసే పెట్టెను తాకినప్పుడు తెర వెనుక జరిగేది ఇది: జీటీకే వంటి టూల్‌కిట్, అంటే యాప్‌లకు బొత్తాలూ పెట్టెలూ సమకూర్చే సామగ్రి, టెక్స్ట్ ఇన్‌పుట్ ప్రోటోకాల్ ద్వారా, తనకు ఇప్పుడు రాత కావాలని కంపోజిటర్‌కు చెబుతుంది. ఆ పెట్టెలో పడాల్సినది అంకెలా, పాస్‌వర్డా, మామూలు వాక్యమా అన్నది కూడా ఆ సందేశంలోనే ఉంటుంది. కంపోజిటర్ ఆ కబురును ఇన్‌పుట్ మెథడ్ ప్రోటోకాల్ ద్వారా స్క్వీక్‌బోర్డ్ అనే కీబోర్డుకు అందిస్తుంది. స్క్వీక్‌బోర్డ్ పైకి లేస్తూ, తెర అడుగున ఇంత ఎత్తు తనదని ప్రకటిస్తుంది. కంపోజిటర్ అంత మేర యాప్‌ను కుదిస్తుంది. కుదించిన యాప్ రాసే పెట్టెను కనబడే చోటికి జరుపుకుంటుంది. ఇంత తంతు జరిగినట్టు వాడేవారికి తెలియనే తెలియదు. కీబోర్డు వచ్చింది, రాశాను, పోయింది, అంతే. ఫోన్ నంబరు పెట్టెను తాకితే అంకెల పలక రావడం ఎంత చిన్న సౌకర్యమో, అది లేనప్పుడు అంత పెద్ద చికాకు.

ఎక్స్‌లో ఈ సంభాషణకు మాటలే లేవు. ఆన్‌బోర్డ్ వంటి కీబోర్డులు, దృష్టి లోపం ఉన్నవారి కోసం ఏర్పాటైన యాక్సెసిబిలిటీ మార్గం ద్వారా, వేలు రాసే పెట్టె మీద పడిందేమోనని ఊహించి పైకి వస్తాయి. ఆ మార్గాన్ని పాటించే యాప్‌లలో ఊహ ఫలిస్తుంది, మిగతా వాటిలో ఫలించదు. నేను తరచుగా వాడే ఒక ఫారం నింపే యాప్‌లో, పేరు పెట్టె దగ్గర కీబోర్డు వచ్చేది, కింద చిరునామా పెట్టె దగ్గర వచ్చేది కాదు. వచ్చినప్పుడు సరిగ్గా నేను నింపాల్సిన పెట్టె మీదే పరుచుకునేది, ఎందుకంటే ఆ యాప్‌కు తాను కుదించుకోవాలని చెప్పినవారు లేరు.

ఇంతవరకు చదివి వేలాండ్ ఉంటే చాలనుకుంటే తొందరపడినట్టే. వేలాండ్ అనేది ఒక ప్రోగ్రామ్ కాదు, ఒప్పందాల మూట. ఆ మూటలో ఏ ఒప్పందం ఏ వెర్షన్‌ను ఎవరు పాటిస్తున్నారన్న దాని మీదే అనుకూలత అంతా ఆధారపడి ఉంది. టెక్స్ట్ ఇన్‌పుట్ ప్రోటోకాల్‌కే మూడు వెర్షన్లున్నాయి. జీటీకే మూడో వెర్షన్‌ను మాట్లాడుతుంది. ఫోష్ కింద ఉండే కంపోజిటర్ కూడా అదే మాట్లాడుతుంది కనుక ఆ రెండింటికీ చక్కగా కుదిరింది. మరో టూల్‌కిట్ అయిన క్యూటీ చాలాకాలం రెండో వెర్షన్ దగ్గరే ఉండిపోయింది, ప్లాస్మా మొబైల్‌ను నడిపే కంపోజిటర్ కేవిన్‌కు ఆ వెర్షన్ తెలుసు, ఫోష్‌కు తెలియదు. క్రోమియం బ్రౌజర్ చాలాకాలం మొదటి వెర్షన్‌నే పట్టుకుని వేలాడింది. ఫలితంగా అచ్చమైన వేలాండ్ యాప్ అయి ఉండి కూడా, పెట్టెను తాకితే కీబోర్డు రాని వింత పరిస్థితి ఏర్పడింది. కొత్త వెర్షన్లు ఈ అంతరాన్ని తగ్గిస్తున్నాయి, కానీ ఫోన్లలో వాడే లినక్స్ పంపిణీలు అన్నీ ఒకే వేగంతో కొత్త వెర్షన్లకు మారవు. కనుక యాప్‌ను ఎంచుకునేటప్పుడు అది వేలాండ్‌ను సమర్థిస్తుందా అని కాక, ఏ టూల్‌కిట్‌తో రాశారు, మీ కంపోజిటర్ ఏది అని అడగడం మేలు. జీటీకే యాప్‌లు ఎక్కువగా వాడేవారికి ఫోష్, క్యూటీ యాప్‌లు ఎక్కువగా వాడేవారికి ప్లాస్మా మొబైల్ తక్కువ తలనొప్పి తెస్తాయన్నది నా అనుభవం.

తెర బొమ్మ తీసుకోవడంలోనూ ఇదే కథ. గ్రిమ్ అనే చిన్న పనిముట్టు డబ్ల్యుఎల్‌రూట్స్ అనే లైబ్రరీ ఆధారంగా కట్టిన కంపోజిటర్ల మీద (ఫోష్‌ది అలాంటిదే) పనిచేస్తుంది, కేవిన్ మీద పనిచేయదు. అక్కడ దాని సొంత పనిముట్టు వాడుకోవాలి. ఎక్స్ రోజుల్లో ఒక్క పనిముట్టు నేర్చుకుంటే అన్ని డెస్క్‌టాప్‌ల మీదా చెల్లేది. ఆ సుఖం పోయిందని విచారించేవారి మాటలో నిజం ఉంది.

పాత ఎక్స్ యాప్‌లను వేలాండ్ సెషన్‌లో నడిపించే వంతెన ఎక్స్‌వేలాండ్. డబ్ల్యుఎల్‌రూట్స్ కంపోజిటర్లలో అది అవసరం వచ్చినప్పుడే లేచేలా అమర్చవచ్చు. 2 లేదా 3 జీబీ మెమరీ ఉన్న ఫోన్లలో ఇది చిన్న విషయం కాదు. వంతెన గట్టిదే, దాని మీద నడిచి వచ్చిన యాప్ మాత్రం ఫోన్‌లో అతిథిలాగే ఉండిపోతుంది. 720×1440 తెరను రెండింతల స్కేలుతో చూపిస్తే యాప్‌లకు దక్కే తార్కిక వెడల్పు 360 మాత్రమే. డెస్క్‌టాప్ కోసం రాసిన ఎక్స్ విండో అందులో పట్టదు, కుడివైపు సగం తెర బయట ఉండిపోతుంది, సరే అని నొక్కాల్సిన బొత్తాం సాధారణంగా ఆ సగంలోనే ఉంటుంది. ఫోష్‌లో ఇలాంటి యాప్‌ను బలవంతంగా తెర వెడల్పుకు కుదించే అమరిక ఒకటుంది. మొబైల్ సెట్టింగ్స్‌లో కంపోజిటర్ విభాగంలో, ఒక్కో యాప్‌కు విడివిడిగా దాన్ని ఆన్ చేసుకోవచ్చు. అప్పుడు బొత్తాం కనబడుతుంది, కానీ చీమ తలంత అవుతుంది. కుదించకపోతే మరో బాధ: డబ్ల్యుఎల్‌రూట్స్ తరహా కంపోజిటర్లలో ఎక్స్ విండోను పెంచని అసలు స్కేలులో గీసి రెండింతలకు సాగదీస్తారు కనుక అక్షరాలు తడి కాగితం మీద రాసినట్టు అలుక్కుపోయి కనిపిస్తాయి. కేవిన్ ఈ విషయంలో ముందుంది. 2022లో వచ్చిన ప్లాస్మా 5.26 నుంచి, స్కేలు తెలిసిన ఎక్స్ యాప్‌లు తమంతట తామే పెద్దగా గీసుకునే వీలు కల్పించింది. ఎక్స్ యాప్‌లు తప్పనిసరిగా వాడాల్సినవారికి ప్లాస్మా మొబైల్‌ను సిఫారసు చేయడానికి ఈ ఒక్క కారణమూ చాలు.

కీబోర్డు విషయంలో ఎక్స్‌వేలాండ్ ఎవరికీ మేలు చేయలేదు. ఎక్స్ యాప్ టెక్స్ట్ ఇన్‌పుట్ కబురు పంపలేదు కనుక కీబోర్డును చేత్తో పిలవాలి, పని అయ్యాక చేత్తో పంపాలి. పిలిచిన కీబోర్డు నొక్కిన అక్షరాలను మామూలు మీటల రూపంలో చేరవేస్తుంది. పదాల సూచనలు వంటి సౌకర్యాలు ఆ దారిలో రావు.

ఏ యాప్ వంతెన మీదుగా వచ్చిందో తెలుసుకోవడానికి ఎక్స్‌ఎల్‌ఎస్‌క్లయింట్స్ అనే ఆదేశం ఇస్తే చాలు, ఎక్స్‌లో నడుస్తున్న వాటి జాబితా వస్తుంది. నా ఫోన్‌లో మొదటిసారి ఆ జాబితా చూసినప్పుడు, వేలాండ్‌వే అనుకున్న మూడు యాప్‌లు అందులో కనబడ్డాయి. వాటిలో ఒకటి ఫ్లాట్‌ప్యాక్ ద్వారా, అంటే అనుమతులతో కట్టుదిట్టం చేసిన యాప్ ప్యాకేజీగా వచ్చినది. దాన్ని కూర్చినవారు ఎక్స్ సాకెట్‌కు (ఎక్స్‌తో మాట్లాడే ద్వారానికి) మాత్రమే అనుమతి ఇచ్చి, వేలాండ్ సాకెట్‌ను మరిచిపోయారు. ఫ్లాట్‌ప్యాక్ ఓవర్‌రైడ్ ఆదేశంతో ఒకదాన్ని తెరిచి మరొకదాన్ని మూసేసరికి అదే యాప్ స్పష్టమైన అక్షరాలతో, దానంతట అదే వచ్చే కీబోర్డుతో కొత్త యాప్‌లా మారింది. రెండోది ఎస్‌డీఎల్ 2 అనే లైబ్రరీతో రాసిన ఆట. అవకాశం ఉంటే ఎక్స్‌నే ఎంచుకోవడం ఎస్‌డీఎల్ 2 అలవాటు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో వేలాండ్ అని రాస్తే మాట వింటుంది. ఫైర్‌ఫాక్స్‌కు కూడా ఒకప్పుడు ఇలాంటి చిట్కా కావాల్సి వచ్చేది. 2023 డిసెంబరులో వచ్చిన 121వ వెర్షన్ నుంచి అది తనంతట తానే వేలాండ్‌ను ఎంచుకుంటోంది. మూడోదానికి మందు లేదు. అది జీటీకే 2తో రాసినది, జీటీకే 2కు వేలాండ్ ఏనాడూ రాలేదు. బొమ్మలు దిద్దే గింప్ కూడా 2025లో 3.0 విడుదలయ్యే వరకు ఈ కోవలోనే ఉండేది.

ఆండ్రాయిడ్ యాప్‌లు కావాలనుకునేవారు వేడ్రాయిడ్ వాడతారు. అది వేలాండ్ మీదే గీస్తుంది, ఎక్స్ సెషన్‌లో నడపాలంటే లోపల మరో వేలాండ్ కంపోజిటర్‌ను తెరిచి అందులో కూర్చోబెట్టాలి. చిన్న ఫోన్ మీద ఇల్లు లోపల ఇల్లు కట్టినట్టే.

మిగిలిన వాటి గురించి క్లుప్తంగా. ఎస్‌ఎక్స్‌ఎంఓ అనే మరో ఫోన్ ఇంటర్‌ఫేస్ పేరులోని ఎక్స్‌కు అర్థం ఎక్స్11 అనే. అది సింపుల్ ఎక్స్ మొబైల్‌కు పొట్టి రూపం. డీడబ్ల్యుఎం అనే ఎక్స్ విండో మేనేజర్ మీద మొదలై ఆ తరువాత స్వే మీదకు, అంటే వేలాండ్ మీదకు చేరినా పేరు మాత్రం మారలేదు. శబ్దం బొత్తాలతో, వేలి సైగలతో అన్నీ నడిపించాలనుకునేవారికి అది నచ్చుతుంది, నాకు రెండు రోజుల్లో వేళ్లు నొప్పెట్టాయి. ఉబుంటు టచ్‌లో కనిపించే లోమిరి అనే ఇంటర్‌ఫేస్, మీర్ అనే డిస్‌ప్లే సర్వర్ మీద నడుస్తుంది. 2013లో ఉబుంటు కంపెనీ కనానికల్ మీర్‌ను వేలాండ్‌కు పోటీగా ప్రకటించినప్పుడు పెద్ద దుమారం రేగింది, నేడు అదే మీర్ వేలాండ్ కంపోజిటర్లు కట్టుకునే సామగ్రిగా మిగిలింది.

వీటన్నిటి కింద డ్రైవర్ అనే నేల ఒకటుంది. పైన్‌ఫోన్‌లోని మాలి-400 చిప్‌కు లైమా, లిబ్రెమ్ 5లోని వివాంటే చిప్‌కు ఎట్నావివ్, వన్‌ప్లస్ 6లోని అడ్రినో 630కు ఫ్రీడ్రినో అనే స్వేచ్ఛా డ్రైవర్లు ఉన్నాయి కనుక ఆ ఫోన్లలో ఎక్స్ అయినా వేలాండ్ అయినా నిలబడుతుంది. ఆండ్రాయిడ్ డ్రైవర్లు తప్ప మరేమీ లేని ఫోన్లలో లిబ్‌హైబ్రిస్ అనే మధ్యవర్తి కావాలి. అది ఆండ్రాయిడ్ తెరను నడిపే హెచ్‌డబ్ల్యుకంపోజర్ తెలిసిన వేలాండ్ కంపోజిటర్లతో కుదురుతుంది, ఎక్స్‌ను నడిపే ప్రోగ్రామ్ అయిన ఎక్స్‌ఆర్గ్‌కు అక్కడ గ్రాఫిక్స్ చిప్ అండ దొరకడం కష్టం. దీనికి పూర్తిగా తలకిందులైన సందర్భం కూడా ఉంది. కెర్నల్ ఉత్త ఫ్రేమ్‌బఫర్‌ను (తెర బొమ్మ ఉండే మెమరీని) మాత్రమే చూపించే చాలా పాత ఫోన్లలో, డీఆర్‌ఎం అనే కెర్నల్ గ్రాఫిక్స్ వ్యవస్థ లేనిదే కదలని నేటి వేలాండ్ కంపోజిటర్లు లేవవు, ఎక్స్‌ఆర్గ్ తన పాత ఎఫ్‌బీడెవ్ డ్రైవర్‌తో లేస్తుంది. నిదానంగా, చిప్ సాయం లేకుండా, కానీ లేస్తుంది. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వంటి పంపిణీలో ఫోష్, ప్లాస్మా మొబైల్‌లతో పాటు ఎక్స్ మీద నడిచే డెస్క్‌టాప్‌లు కూడా ఉండటం అలాంటి ఫోన్లు ఉన్నవారికి ఊరట.

స్వేచ్ఛా డ్రైవర్ ఉన్న ఫోన్ చేతిలో ఉన్నవారు ఎక్స్ సెషన్ జోలికి పోనవసరం లేదు. రోజూ వాడే యాప్‌లలో ఎక్కువ భాగం జీటీకేవి అయితే ఫోష్ పెట్టుకోవచ్చు; క్యూటీవి అయినా, తప్పించుకోలేని ఎక్స్ యాప్‌లు రెండు మూడు ఉన్నా ప్లాస్మా మొబైల్ మేలు. నేను చివరికి ఫోష్ దగ్గర ఆగాను. ఆ జీటీకే 2 యాప్‌ను మాత్రం ఇంకా వదులుకోలేదు. అందులో నేను పదేళ్లుగా రాసుకుంటున్న లెక్కలున్నాయి. దాన్ని తెరిచిన ప్రతిసారీ ఫోన్‌ను అడ్డంగా తిప్పి, వెడల్పుకు కుదించి, అడుగున ఉన్న కీబోర్డు గుర్తును చేత్తో నొక్కి, చీమ తలంత పెట్టెలో అంకెలు నింపుతున్నాను. దాని ఫైళ్లను చదవగల కొత్త యాప్ దొరికిన రోజున ఎక్స్‌వేలాండ్‌ను కూడా తీసేస్తాను.